సగం గ్లాసు

"ముందు పై నట్టు."

ఎర్రబండి లిఫ్టు మీద మనిషి తలకంటే ఎత్తున నిలబడి ఉంది. దాని కింద మెడ వెనక్కి వాల్చి చూస్తున్న మేస్త్రీ ఆ మాట పైకే అన్నాడు. వినేవాళ్లు పక్కన ఎవరూ లేరు. అయినా అన్నాడు. ఈ పనిలోకి వచ్చిన నాటి నుంచీ ఆ మాట అనకుండా ఆయన ఏ బండి వెనక డబ్బా మీదా పానా పెట్టలేదు.

వెనక చక్రాల నడుమ గుమ్మడికాయంత ఇనప డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచిపెట్టేది అదే. డిఫరెన్షియల్ అంటారు. దానికి రెండు నట్లు. కింది నట్టు తీస్తే పాత ఆయిలు దిగిపోతుంది, పై నట్టు తీస్తే కొత్త ఆయిలు పోసే దారి. తొందరగాళ్లు ముందు కిందిది తీసేస్తారు. ఉన్న ఆయిలంతా బకెట్లోకి దిగాక పైదాని మీద పానా వేస్తే అది తుప్పు పట్టి ఉలకదు పలకదు. ఇక ఆ బండి గతి చూడాలి! ఎండిపోయిన డబ్బాతో లిఫ్టు మీద వేలాడుతూ ఉంటుంది. "నింపే దారి ఉందో లేదో చూసుకోకుండా ఖాళీ చెయ్యకండ్రా నాయనా" అని మేస్త్రీ మొత్తుకోని రోజు లేదు. మొత్తుకుని మొత్తుకుని చివరికి ఆయన పేరే పైనట్టు మేస్త్రీ అయి కూర్చుంది. అసలు పేరు షెడ్డులో సగం మందికి తెలియదు, తెలిసినవాళ్లకు దాంతో పని పడలేదు.

మనిషి పొట్టి. నెత్తి మీద వెంట్రుకలు ఎప్పుడో సెలవు తీసుకున్నాయి. కళ్లజోడుకు దారం కట్టి మెళ్లో వేసుకుంటాడు. కుడి చెవి మీద ఎప్పుడూ పసుపురంగు పెయింటు పెన్ను ఉంటుంది. మాట్లాడితే సన్నగా, తిడితే ఇంకా సన్నగా ఉంటుంది గొంతు.

పానా ఎత్తి పై నట్టుకు తొడగబోయాడు. పానా నట్టులో కూర్చోకుండా డబ్బా అంచున టకటకటకమని కొట్టుకుంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, రెండోసారి తొడిగాడు. కూర్చుంది. వెంటనే ఓరగా వెనక్కి చూశాడు, ఎవరైనా విన్నారేమోనని.

అవతల తెల్లబండి బానెట్టులో నడుము దాకా దూరి ఉంది ఆయన అన్న కూతురు. ముప్పై దాటిన మనిషి. పంతొమ్మిదో ఏట సెలవుల్లో సరదాగా వచ్చి, పానా పట్టుకుని, మళ్లీ కింద పెట్టలేదు. షెడ్డులో అందరికీ చిన్నమేస్త్రీ. ఆమె చెయ్యి చాచి రేడియో గొంతు పెంచింది. అమ్మయ్య, పాటల గోలలో పడి వినలేదు, అనుకున్నాడు మేస్త్రీ.

పై నట్టు కిర్రుమని కదిలింది. ఇక కిందిది తీయవచ్చు.

చేతులు ఇలా వణకడం మొదలై ఆరు నెలలు దాటింది. మొదట చిన్న స్క్రూ పెట్టేటప్పుడు, తరవాత టీ గ్లాసు ఎత్తేటప్పుడు. ఇప్పుడు ఏది పట్టుకున్నా అంతే. ఎవరికీ చెప్పలేదు. పెళ్లానికి అసలే చెప్పలేదు. చెప్తే అది నిజమైపోతుందని భయం. చిన్నపిల్లల భయం అది, ఆయనకూ తెలుసు. కానీ తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

ఆ భయానికి ఒక ముఖం ఉంది. అది ఆయన నాన్న ముఖం. నాన్న లారీల మీద నంబర్లు రాసే పెయింటరు. స్కేలు లేకుండా, దారం కట్టకుండా, లారీ ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఊపులో గీత లాగేవాడు. డ్రైవర్లు నోళ్లు వెళ్లబెట్టి చూసేవాళ్లు. అలాంటి మనిషికి వణుకుడు జబ్బు వచ్చింది. ముందు చెయ్యి, తరవాత గడ్డం, తరవాత కాళ్లు. ఆ తరవాత ముఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు, గోడలా అయిపోయింది. చివరి ఏళ్లలో కొడుకే అన్నం పెట్టాడు, కొడుకే మూతి తుడిచాడు. నాన్న పోయిన రోజు ఏడుపు రాలేదు. ఆయనకు విముక్తి దొరికిందిలే అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆ జబ్బు తనకూ వచ్చిందని మేస్త్రీ తేల్చేసుకున్నాడు. పోయిన వారం ఒక స్కూలు పంతులమ్మ బండికి చక్రాల బ్యాలెన్సు మూడుసార్లు చేశాడు. ఇంకా వణుకుతోందమ్మా, ఇంకా వణుకుతోంది, అంటూ. "లేదు కదండీ, బాగానే ఉంది కదా!" అంది ఆవిడ బిత్తరపోయి. అప్పుడు తెలిసింది వణుకుతున్నది స్టీరింగు కాదని. వణుకు పట్టి చెప్పడమే బతుకైన మనిషికి, వణుకు బండిదో తనదో తెలియకపోతే ఇంకేం మిగిలింది? దానికి తోడు ఈ మధ్య ఇంట్లో తన చిన్నబండి ఎక్కితే చాలు, క్లచ్చు కాలిన వాసన. కొత్త ప్లేటు వేసి ఏడాది కాలేదు. చేతులతో పాటు కాళ్లూ పోతున్నాయన్నమాట, పెడలు సరిగా తొక్కడం లేదన్నమాట, అని దాన్ని కూడా లెక్కలో వేసుకున్నాడు.

అందుకే ఎవరికీ చెప్పకుండా నరాల డాక్టరు దగ్గర పేరు రాయించుకున్నాడు. ఇవాళ సాయంత్రానికే. డాక్టరు ఆ మాట అన్నదంటే షెడ్డుకు ఇదే ఆఖరి రోజని కూడా మనసులో అనేసుకున్నాడు.

కింది నట్టు తీశాడు. పాత ఆయిలు సన్నటి ధారగా బకెట్లోకి దిగింది. నట్టు చివర ఉన్న అయస్కాంతానికి అంటుకున్న నల్లటి ముద్దను వేళ్ల మధ్య నలిపి చూశాడు. మెత్తగా కాటుకలా ఉంది. రజను లేదు, పలుకు లేదు. లోపలి గేర్ల పళ్లు బాగానే ఉన్నాయన్నమాట.

"అయ్యో, నల్లగా ఉందేంటండీ? మొన్ననే కదా మార్చాను!"

బండి యజమాని వచ్చి వెనక నిలబడ్డాడు. క్రేను ఆపరేటరు. కట్టే మేడల మీద, ఆకాశంలో ఒంటరిగా కూర్చుని రోజంతా ఇనప కడ్డీలు ఎత్తుతాడు. పైన మాట్లాడటానికి ఎవరూ ఉండరు కాబట్టి ఆ బాకీ అంతా కిందికి దిగాక తీర్చుకుంటాడు. ఏళ్ల తరబడి కూడబెట్టి ఈ ఎర్రబండిని పాతది కొన్నాడు. రెండే తలుపులు, లోపల పులి గుర్రుపెట్టినట్టు ఇంజను. పొద్దున బండి దిగీ దిగగానే గోడు వెళ్లబోసుకున్నాడు.

"మేస్త్రీగారూ, బండి వణుకుతోందండీ. వీడియో చూసి ఇంట్లో నేనే వెనక ఆయిలు మార్చా. అప్పట్నించే."

"ఆగి ఉన్నప్పుడు వణుకుతుందా, నడుస్తున్నప్పుడా?"

"ఆగి ఉంటే రాయిలా ఉంటదండీ. కదిలితేనే."

"నెమ్మదిగా మలుపు తిప్పితేనా, తిన్నగా జోరుగా పోతేనా?"

"రెండిట్లోనూ."

"రెండు చోట్లా ఒకేలాగా?"

క్రేను ఆపరేటరు నెత్తి గోక్కున్నాడు. "మలుపులో అయితే గర్రుగర్రుమంటది, ముసలాడు గొంతు సవరించుకున్నట్టు. జోరులో అయితే సీటు కింద చీమలు పాకినట్టు ఉంటది."

"అయితే జబ్బు ఒకటి కాదయ్యా. రెండు. రెండిటికీ వణుకే గానీ, దేని దారి దానిది."

మొదటిదాని దారి ఇప్పుడు బకెట్లో కనబడుతోంది. మేస్త్రీ వేలు ముంచి వాసన చూశాడు.

"ఆయిలు మంచిదే కొన్నావు. దాంతో చిన్న సీసా ఒకటి ఇచ్చి ఉండాలే?"

"ఇచ్చారండీ. ఏదో సెంటు శాంపిలు ఊరికే ఇచ్చారనుకున్నా. ముందు అరలో పడేశా."

తెల్లబండి బానెట్టులోంచి కిసుక్కుమన్న నవ్వు వినిపించింది. చిన్నమేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి, నిచ్చెన ఎక్కి, ఎర్రబండి అర తెరిచి, మూత తీయని చిన్న సీసా పట్టుకుని దిగింది.

"చొక్కాకి పూసుకోలేదు, నయం!" అంది. "ఇట్లాంటి జోరుబండ్ల డబ్బాలో పళ్లతో పాటు బిళ్లలుంటాయి. మలుపులో అవి ఒకదాని మీద ఒకటి నున్నగా జారాలి. ఈ సీసాలోది కలిపితేనే జారతాయి. లేదంటే పట్టుకుని వదిలి, పట్టుకుని వదిలి, మీ ముసలాడి దగ్గు."

క్రేను ఆపరేటరు చెంపలేసుకున్నంత పని చేశాడు.

కొత్త వాషరు వేసి కింది నట్టు బిగించారు. ముందు చిన్న సీసాలోది, తరవాత ఆయిలు పంపుతో ఎక్కించారు. పై నట్టు రంధ్రం లోంచి ఆయిలు బొట్లుబొట్లుగా కారడం మొదలయ్యే దాకా ఎక్కించి ఆపాడు మేస్త్రీ. ఆ బొట్టు చూడటం ఆయనకు ఎప్పుడూ ఇష్టమే. డబ్బా తనంతట తాను చాలు బాబూ అన్నట్టు ఉంటుంది. పై నట్టు బిగించాక చెవి మీది పెయింటు పెన్ను తీశాడు. బిగించిన నట్టు మీద నుంచి డబ్బా మీదికి పసుపు గీత ఒకటి గీయడం ఆయన అలవాటు. రేపు ఆ గీత విరిగి కనిపిస్తే నట్టు కదిలిందని అర్థం. ఆ గీతలు ఒకప్పుడు స్కేలు పెట్టి గీసినట్టు ఉండేవి. నాన్న ఆస్తిలో ఆయనకు దక్కింది అదొక్కటే.

ఇప్పటి గీత వానపాములా మెలికలు తిరిగింది. గబుక్కున బండి దింపేశాడు.

సంత మైదానం ఖాళీగా ఉంది. అక్కడ చిన్నమేస్త్రీ ఎర్రబండిని నెమ్మదిగా ఎనిమిది అంకె వేసినట్టు తిప్పింది. సీసాలోని మందు ఆ బిళ్లల సందుల్లోకి పాకాలంటే అలా తిప్పాలి. మొదటి చుట్టులో ముసలాడు దగ్గాడు. రెండో చుట్టులో గొణిగాడు. ఇంకో రెండు చుట్లు తిరిగేసరికి నోరు మూసుకున్నాడు. పక్కన నిలబడ్డ క్రేను ఆపరేటరు చప్పట్లు కొట్టాడు.

ఇక రెండో జబ్బు. దానికి ఊరి బయట కొత్త రోడ్డు మీదికి పోవాలి, మేస్త్రీ నడపాలి. వణుకు పట్టడం ఆయన పని. ఎప్పటి నుంచో అంతే, ఇవాళ చిన్నమేస్త్రీని నడపమంటే ఎందుకని అడుగుతుంది. మేస్త్రీ షెడ్డులోకి వెళ్లి స్టీలు గ్లాసులో సగం దాకా నీళ్లు పట్టుకుని వచ్చాడు. దాన్ని రెండు సీట్ల మధ్య గుంటలో, చుట్టూ గుడ్డ కుక్కి కదలకుండా పెట్టాడు. పంతులమ్మ బండి తరవాత కనిపెట్టిన ఉపాయం ఇది. చేతులు అబద్ధం చెప్పినా నీళ్లు చెప్పవు.

వెనక ఇరుకు సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్న క్రేను ఆపరేటరు తొంగి చూశాడు. "ఈ నీళ్లెందుకండీ? దాహమా?"

"బాబాయ్ పద్ధతి," అంది చిన్నమేస్త్రీ మొహం బిగించి. "వీడియోల్లో ఉండదు."

మేస్త్రీ బండి తీశాడు. రోడ్డు నల్లగా, నున్నగా, ఖాళీగా ఉంది. నలభై స్పీడులో చేతులు వణుకుతున్నాయి. అరవైలోనూ వణుకుతున్నాయి. స్టీరింగుదా, చేతులదా? ఓరకంట గ్లాసు వైపు చూశాడు. నీళ్లు బద్ధకంగా అటూ ఇటూ ఊగుతున్నాయి, అంతే. ఎనభై. చేతులు వణుకుతూనే ఉన్నాయి, నీళ్లు మాత్రం వణక్కుండా ఊగుతున్నాయి. ఇది కూడా నాదేనేమో. పాపం, ఇతను చెప్పిన చీమలు కూడా నా ప్రశ్నల వల్ల పుట్టినవేనేమో. తొంభై.

గ్లాసు నడుమ సన్నటి వలయాలు లేచాయి. ఒకదాని లోపల ఒకటి, గుండు సూది గుచ్చినంత సన్నగా, ఆగకుండా. ఎనభైకి తగ్గించాడు. వలయాలు పోయాయి. తొంభైకి పెంచాడు. వచ్చాయి. సీటు కింద చీమలు పాకాయి.

"బండిదే!" అని అరిచాడు మేస్త్రీ. "బండిదేనే అమ్మడూ! బండే వణుకుతోంది!"

కళ్లలో నీళ్లు తిరిగాయి. తన బండి రోగాన్ని చూసి ఒక మనిషి ఇంతలా మురిసిపోవడం క్రేను ఆపరేటరు జన్మలో చూడలేదు. "సంతోషమండీ," అన్నాడు అనుమానంగా.

చిన్నమేస్త్రీ కిటికీ లోంచి బయటికి చూస్తోంది. "బండిదే బాబాయ్," అంది.

షెడ్డుకు తిరిగి రాగానే వెనక చక్రాలు విప్పారు. మేస్త్రీ ఇరుసు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పి, చక్రం నడిమి రంధ్రంలో వేలు పెట్టి చుట్టూ తిప్పి, తల ఊపాడు.

"ఏమయ్యా, ఆయిలు మార్చడానికి చక్రాలు విప్పినప్పుడు లోపల్నించి సన్నటి ప్లాస్టిక్ రింగులు ఏమైనా ఊడిపడ్డాయా?"

"రింగులా?"

"ఇవి తరవాత కొన్న చక్రాలు. నడిమి రంధ్రం పెద్దది, ఇరుసు చిన్నది. మధ్యలో సందు పూడ్చే రింగు ఉంటేనే చక్రం సరిగ్గా నడిమధ్యన కూర్చుంటుంది. లేకపోతే వెంట్రుకవాసి పక్కకు కూర్చుని ఊగుతుంది. ఇదిగో, ఇంత ఉంటుంది," అని బొటనవేలూ చూపుడువేలూ చాపి చూపించాడు.

క్రేను ఆపరేటరు ఆ కొలత చూసి నోరు తెరిచాడు. చప్పున ఫోను తీసి ఇంటికి కలిపాడు. "ఏమే, పాప చేతికి నల్లగాజులున్నాయి చూడు... ఆ, అవే. ఎక్కడివి అవి? మెట్ల దగ్గర దొరికాయా? తియ్యి, తియ్యి... ఏడిస్తే ఏడ్వనీ! అవి బండివే తల్లీ!"

చిన్నమేస్త్రీ నేల మీద కూలబడి నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు. ఆరు నెలల్లో ఆయన అలా నవ్వింది లేదు. అరిగిపోయిన బేరింగు ఒకటి ఏరి, బయటి రింగు ఊడదీసి, గుడ్డతో తళతళలాడేలా తుడిచి ఇచ్చాడు. "పాపకివ్వు. ఊరికే లాక్కోకు, పాపం."

క్రేను ఆపరేటరు ఎవరిదో మోపెడ్డు అడిగి పోయి, నల్లగాజులు రెండూ పట్టుకొచ్చాడు. రింగులు వేసి, చక్రాలు ఎక్కించి, మళ్లీ కొత్త రోడ్డుకు పోయారు. తొంభై. వంద. ఇంకా పైకి. గ్లాసులో నీళ్లు బద్ధకంగా ఊగాయి, అంతే. తిరిగి వచ్చాక మేస్త్రీ గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు. చక్రాల బోల్టులు ఇంకోసారి బిగించాక బండి తీసుకుని వెళ్తూ క్రేను ఆపరేటరు కిటికీ లోంచి అరిచాడు, "మేస్త్రీగారూ, ఎప్పుడైనా పైకి రండి, క్రేను ఎక్కిస్తా! ఊరంతా కనబడతది!"

ఎర్రబండి మలుపు తిరిగింది, చప్పుడు లేకుండా. ఆ వెంటనే మేస్త్రీ ముఖంలో వెలుతురు తగ్గింది. బండి వణుకు బండిదే. మరి నలభైలో వచ్చిన వణుకు ఎవరిది?

"బాబాయ్, చేతులు కడుక్కో," అంది చిన్నమేస్త్రీ. "డాక్టరు దగ్గరికి టైమవుతోంది."

మేస్త్రీ సబ్బు జారవిడిచాడు. "నీకెవరు చెప్పారు?"

"పిన్ని."

"మీ పిన్నికెవరు చెప్పారు?"

"నువ్వే. ఆస్పత్రిలో ఇంటి నంబరిస్తే ఇంటికే కదా ఫోను చేస్తారు? పిన్ని ఎత్తింది."

చిన్నమేస్త్రీ ఆయన చెవి మీది పెయింటు పెన్ను తీసి తన చెవి మీద పెట్టుకుంది.

"ఆరు నెలల్నించీ నువ్వు గీసిన ప్రతి గీతా చూస్తున్నా. నువ్వు అటు పోగానే పానా పెట్టి చూస్తున్నా, తప్పుగా అనుకోకు. గీత వంకరపోయింది గానీ నట్టు ఒక్కటీ వదులు లేదు బాబాయ్. ఒక్కటంటే ఒక్కటి."

"పానా కొట్టుకుంటుంటే వినబడేదా?"

"రేడియో పెంచేది ఎందుకనుకున్నావు? ఆ పాటలకి నాకు తలనొప్పి."

ఆస్పత్రి వరండాలో నీలం కుర్చీల వరస. చివరి కుర్చీలో మేస్త్రీ భార్య కూర్చుని ఉంది, సంచీ ఒళ్లో పెట్టుకుని. భర్తను చూసి లేవలేదు. పక్క కుర్చీ మీద చేత్తో తట్టింది. మేస్త్రీ వచ్చి కూర్చున్నాడు.

"ఎన్నాళ్లయింది తెలిసి?" అన్నాడు.

"టీ సాసర్లో తాగడం మొదలెట్టినప్పట్నించి. అప్పట్నించే కదా సగం గ్లాసు పోస్తున్నా."

మేస్త్రీకి అప్పుడు గుర్తొచ్చింది. నిజమే. ఇంట్లో నీళ్లు సగం గ్లాసు. టీ సగం గ్లాసు. మజ్జిగ సగం గ్లాసు. పాలవాడు తగ్గించాడేమో అనుకున్నాడు తను.

"అడగొచ్చుగా?" అన్నాడు.

"చెప్పొచ్చుగా?" అంది ఆమె.

లోపల డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. చేతులు చాపమంది. వణికాయి. ముక్కు ముట్టుకుని తన వేలు ముట్టుకోమంది. వణికాయి. కాగితం మీద నత్తగుల్లలా చుట్టలు గీయమంది. పసుపు గీత కంటే అధ్వానంగా వచ్చింది. నడిపించింది, మోచేతులు వంచి చూసింది, వేళ్లు టపటప కొట్టించింది. చివర్న అడిగింది, "చేతులు ఒళ్లో వదిలేసి కూర్చోండి. నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టండి."

మేస్త్రీ లెక్కపెట్టాడు. డెబ్బై దాకా వచ్చాక తన చేతులకేసి చూసుకున్నాడు. ఒళ్లో రెండు పిచ్చుకల్లా నిద్రపోతున్నాయి.

"మీ నాన్నగారి జబ్బే మీకూ వచ్చిందని భయపడుతున్నానన్నారు కదూ? ఆయన చేతులు ఊరికే ఉన్నప్పుడు వణికేవా, పనిచేసేటప్పుడా?"

ఆగి ఉన్నప్పుడు వణుకుతుందా, నడుస్తున్నప్పుడా?

గుమ్మం పక్కన స్టూలు మీద నాన్న. ఒళ్లో చెయ్యి, వేళ్ల మధ్య కనబడని మాత్ర ఏదో నలుపుతున్నట్టు వణుకుతూ. లారీ వచ్చేది. నాన్న లేచి బ్రష్షు ముంచేవాడు. బ్రష్షు తగలగానే చెయ్యి నిలిచేది. ఆ జబ్బు మొదలైన ఏళ్లలో కూడా గీత ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగానే పోయింది. తను ఎన్నిసార్లు చూశాడు! చూసి కూడా ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఊరికే ఉన్నప్పుడేనమ్మా," అన్నాడు. "పని పట్టుకుంటే ఆగేది. నాది పని పట్టుకుంటేనే వస్తోంది."

"మరి తెలిసిపోయిందిగా," అంది డాక్టరమ్మ. "ఒళ్లు బిగుసుకోవడం లేదు, నడక బాగుంది, ముఖం బాగుంది. రెండూ వణుకే గానీ ఇది వేరు. చాలామందికి వస్తుంది. పూర్తిగా పోదు, మెల్లగా కొంచెం పెరగొచ్చు, మందుతో తగ్గించుకోవచ్చు. మిమ్మల్ని మంచాన మాత్రం పడెయ్యదు."

"జబ్బు ఒకటి కాదు, రెండు," అన్నాడు మేస్త్రీ. నవ్వు వచ్చింది. పొద్దున క్రేను ఆపరేటరుకు చెప్పిన ముక్క అదే. ఎదటివాడి బండికి వేసిన ప్రశ్న తన చేతికి వేసుకోవాలని ఆరు నెలలు తోచలేదు! నవ్వుతూనే ఏడ్చాడు. పక్కన భార్య ఏడుస్తూ ఆయన భుజం మీద సంచీతో ఒకటి వేసింది, ఎందుకో ఆమెకే తెలియాలి. వరండాలో చిన్నమేస్త్రీ ఆ చప్పుడు విని తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది.

"మరి... క్లచ్చు?" అన్నాడు మేస్త్రీ ఉన్నట్టుండి. "మా చిన్నబండి క్లచ్చు కాలుతోందమ్మా. కాళ్లు కూడా పోతున్నాయేమోనని..."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. మిగిలిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అది జబ్బు కాదు," అంది భార్య నేల చూపులు చూస్తూ. "అది నేను."

ఆమె నాలుగు నెలలుగా, మధ్యాహ్నాలు, చిన్నమేస్త్రీ దగ్గర బండి నేర్చుకుంటోంది. బండి అప్పగించి వస్తానని చిన్నమేస్త్రీ షెడ్డులోంచి మాయమయ్యేది అందుకే. "మీకేమన్నా అయితే నడిపేవాళ్లు ఉండాలిగా," అంది.

షెడ్డుకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. తాళం వేయడానికి అని వచ్చాడు గానీ మేస్త్రీ లిఫ్టు దగ్గర కాసేపు నిలబడ్డాడు. బల్ల మీద పానాలు వరసగా ఉన్నాయి. చేత్తో ఒకసారి వాటి మీద నిమిరాడు.

"అమ్మడూ, రేపట్నించి షెడ్డు నీది."

"అదేంటి! ఆ జబ్బు లేదన్నారుగా?"

"లేదు కాబట్టే. పొద్దున మానేసి ఉంటే భయపడి పారిపోయినట్టు. ఇప్పుడు మానేస్తే, మానేసినట్టు."

చిన్నమేస్త్రీకి ఏడుపు వచ్చింది. ఏడుపు వస్తే ఆమె దెప్పుతుంది. "ఖాళీ చేసేస్తున్నావు సరే. పై నట్టు విప్పి చూసుకున్నావా? ఇంట్లో ఆ ఖాళీలో ఏం పోస్తావు?"

బయట హారను మోగింది. చిన్నబండి డ్రైవరు సీట్లో మేస్త్రీ భార్య కూర్చుని ఉంది. స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉంది.

"రండీ! ఎంతసేపు? చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వణకవని డాక్టరమ్మే చెప్పింది. పక్కన కూర్చోండి, నేను తోలతా. వెనక్కి తియ్యడం మాత్రం ఇంకా సరిగా రాలేదు, అది మీరే నేర్పాలి."

మేస్త్రీ వెళ్లి అటూ ఇటూ చూడకుండా పక్క సీట్లో కూర్చున్నాడు. ఎన్నేళ్లయిందో ఆ సీట్లో కూర్చుని. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. అవి కదలలేదు. ఆయన ముఖం చూస్తే, మూత తీసిన డబ్బాలోంచి ఆవిరి పోయినట్టు తేలిగ్గా ఉంది.

"క్లచ్చు మెల్లగా వదులు," అన్నాడు.

"నాకు తెలుసు," అంది ఆమె, ఒక్కసారిగా వదిలేస్తూ.

చిన్నబండి కప్పలా గెంతి, ఆగి, మళ్లీ గెంతి, గేటు దాటింది. లోపల ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. చిన్నమేస్త్రీ వీధి చివర దాకా చూసి, కళ్లు తుడుచుకుని, లోపలికి వచ్చింది. పానాలు అరలో సర్దింది. రేడియో కట్టేసింది. దీపం ఆర్పబోతూ ఆగింది. బల్ల చివర, గుడ్డ మీద, స్టీలు గ్లాసు ఉంది, సగం దాకా నీళ్లతో. నీళ్లు కదలడం లేదు.